యాకోబు కాగితం

కైకలూరు దాటి కొల్లేటి వైపు వెళ్ళేటప్పుడు, కట్టుబడి జరుగుతున్న ఏ ఇంటి ముందైనా ఆగి "స్లాబ్ ఎప్పుడండీ?" అని అడగండి. "యాకోబు కాగితం రావాలండీ, రాగానే పోసేస్తాం" అంటారు. యాకోబు ఎవరంటే సగం మందికి తెలియదు. ఎవరో ఆఫీసరనుకుంటారు.

ఆ కాగితానికి అచ్చులో రెండు లైన్లు పట్టేంత అసలు పేరు ఒకటుంది. దాన్ని ఎవరూ పలకరు. సెంట్రింగ్ కట్టిన మేస్త్రి తను ఎన్ని సరుగుడు కర్రలు నిలబెట్టాడో, కర్రకీ కర్రకీ ఎంత ఎడం ఇచ్చాడో, ఎన్నో రోజున ఊడదీస్తాడో రాసి, ఫొటో అంటించి, కింద సంతకం పెట్టాలి. స్లాబ్ కూలితే ఆ సంతకం పెట్టినవాడిదే తప్పు. అంతే దాని సారం.

సువార్తమ్మ మాత్రం ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా తలెత్తి చూస్తుంది. మొగుడి పేరు కదా.

ఆమెకి యాభై దాటాయి. పద్దెనిమిదో ఏట యాకోబుని చేసుకుని, పెళ్ళైన పదో రోజున నెత్తిన గమేళా పెట్టుకుంది. అప్పట్నించి ముప్పయ్యేళ్ళు కాంక్రీటు మోసింది. మెడ కొంచెం కుడి పక్కకి ఒరిగిపోయింది. కాంక్రీటు కలిపే మిల్లరు తిరిగే చప్పుడు విని లోపల కంకర ఎక్కువైందో ఇసుక ఎక్కువైందో చెప్పేస్తుంది. ఆ సంగతి ఏ ఇంజనీరూ ఒప్పుకోడు, కానీ ఆమె చెప్పాక వెళ్ళి చూసి సరిచేసుకుంటారు.

ఇంకో అలవాటు కూడా ఉంది. మిల్లర్లో నీళ్ళు పోసే ముందు దోసిట్లో కాసిని పట్టి నాలిక మీద వేసుకుంటుంది. కొల్లేటి పక్కన పుట్టిన ఆడాళ్ళందరూ చేసే పనే. అక్కడ కాలవ నీళ్ళదొక రుచి, చెరువుదొక రుచి, బోరుదొక రుచి. ఎసరు పెట్టే ముందు నాలిక మీద వేసుకోకపోతే అన్నం పాడవుతుంది. సువార్తమ్మ ఆ పని సిమెంటు దగ్గర కూడా చేసేది. అందరూ నవ్వేవాళ్ళు.

బంగార్రాజుగారి బిల్డింగ్ మొదటిసారి కట్టినప్పుడు కూడా అలాగే చూసింది. చూసి ఉమ్మేసింది.

బంగార్రాజుగారికి డెబ్భై ఎకరాల రొయ్యల చెరువులు. రోడ్డు పక్కన ఒక చెరువు పూడ్చి, కింద మేత కొట్టు పెట్టుకోడానికి ఒక అంతస్తు లేపాడాయన. స్లాబ్‌కి నీళ్ళు పక్క చెరువు బోరువే. రొయ్యలకి ఉప్పు కావాలి కాబట్టి ఆ బోరు అంటే ఆయనకి ప్రాణం.

"ఏవయ్యా, ఊరగాయ జాడీ కడిగినట్టున్నాయి ఈ నీళ్ళు" అంది సువార్తమ్మ మొగుడితో. "అన్నం వండుకోడానికి పనికిరాని నీళ్ళు ఇల్లు కట్టుకోడానికి ఎలా పనికొస్తాయి?"

"ఇల్లుని తింటావేటే, పిచ్చిమొహమా?" అన్నాడు యాకోబు. ముఠా అంతా పగలబడి నవ్వింది.

యాకోబుకి ఆ నీళ్ళంటే మోజు. కారణం కూడా ఉంది. ఉప్పు నీళ్ళతో కలిపిన కాంక్రీటు తొందరగా బిగుస్తుంది. మంచినీళ్ళదైతే రోజుల తరబడి ఓపిక పట్టాలి. ఇదైతే మర్నాటికే గోరు దిగదు. నాలుగు రోజులు ముందే కర్రలు ఊడదీసి ఇంకో ఇంటికి పట్టుకుపోవచ్చు. "రాయి అంటే రాయి అండీ! సుత్తి పెట్టి కొట్టండి, సుత్తే విరుగుద్ది" అని ఇంటివాళ్ళ చేతికి సుత్తి ఇచ్చి మరీ కొట్టించేవాడు. టంగుమనేది. ఇంటివాళ్ళు మురిసిపోయేవాళ్ళు. అది చూసి మిగతా మేస్త్రీలు కూడా ఉప్పు బోర్లకి ఎగబడ్డారు. అలా కొన్నేళ్ళలోనే ఆ వైపు లేచిన ఇళ్ళలో సగం రొయ్యల నీళ్ళతోనే లేచాయి.

లోపల ఇనప చువ్వలు కూడా ఆ నీళ్ళు తాగుతున్నాయని ఎవడికీ తట్టలేదు. తట్టినవాడు కూడా చెప్పలేదు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. బంగార్రాజుగారికి పైన ఫంక్షన్ హాలు కట్టాలనిపించింది. మళ్ళీ యాకోబునే పిలిచారు. సువార్తమ్మ మేత కొట్లోకి వెళ్ళి తలెత్తి చూసింది. కప్పు మీద బారుగా గోధుమరంగు మరకలు, చువ్వ ఎటు పోతే అటు ఒక పగులు. ఒకచోట పెచ్చు ఊడి, రంగు వేసి ఉంది. మొగుణ్ణి తీసుకొచ్చి చూపించింది. యాకోబు కర్రతో తట్టాడు. ఒకప్పుడు టంగుమన్న స్లాబ్ ఇప్పుడు డొల్ల కొబ్బరికాయలా బొదబొదమంది.

యాకోబు ఇంకోచోట తట్టాడు. అక్కడా అంతే.

"రాజుగారికి చెప్తే ఏమంటాడు?" అంది.

"ఏమంటాడు! నువ్వు పోసిందేగా అంటాడు" అన్నాడు యాకోబు. మర్నాడు సిమెంటు కలుపుకొచ్చి పెచ్చులూడిన చోటల్లా పూసేశాడు.

ఆ డొల్ల స్లాబ్ మీదే కర్రలు నిలబెట్టి, పై స్లాబ్‌కి సెంట్రింగ్ కట్టారు. పైన కాంక్రీటు పోస్తున్నంతసేపూ యాకోబు కింద, కర్రల మధ్యన నిలబడేవాడు. అది అతని డాబు. "మేస్త్రి కింద ఉంటేనే పైన కూలోళ్ళకి ధైర్యం" అనేవాడు. ఆ రోజు కూడా అక్కడే ఉన్నాడు. పదకొండు గంటలకి, సగం కాంక్రీటు పైకెక్కాక, కర్రలు నిలబడ్డ నేలే ఊడిపోయింది. సువార్తమ్మ వీధిలో మిల్లరు దగ్గరుంది. మిల్లరు చప్పుడులో ఆమెకి మిగతా చప్పుడు వినపడలేదు. దుమ్ము మీదికొచ్చాక తెలిసింది.

ఐదుగురు పోయారు. యాకోబుని సాయంత్రానికి తీశారు. పక్కన పడున్న చువ్వ ముక్క ఒకటి సువార్తమ్మ చేతిలోకి తీసుకుంటే, ఎండు చేప ముల్లులా పుటుక్కుమంది. ఆ ముక్కని కొంగున కట్టుకుంది.

విచారణకి కమిటీ వేశారు. ఏలూరులో ఒక మేడ మీద, భాస్కరరావుగారనే ఇంజనీరు ముందు ఆమెని కూర్చోబెట్టారు. మంచి మనిషి. గొంతు పెంచడు. లేచి కుర్చీ చూపించాడు.

"కూర్చోండమ్మా. టీ తెప్పించమంటారా?"

సువార్తమ్మ కొంగు విప్పి చువ్వ ముక్క బల్ల మీద పెట్టింది. "పది ఎమ్ఎమ్ చువ్వండి ఇది. చూడండి, చీపురుపుల్లయిపోయింది. ఉప్పు తినేసిందండీ. మా ఆయన కర్రలు సరిగ్గానే కట్టారండీ, ఒక్కో కర్రా నేనే అందించాను. కింద స్లాబ్ పుచ్చిపోయిందండీ. ఆ మాట రాయండి."

భాస్కరరావుగారు ముక్కని వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. "మీరు చెప్పింది నిజమేనండీ" అన్నాడు.

ఆమెకి ఊపిరాడింది. అంత తొందరగా ఒప్పుకుంటాడని అనుకోలేదు.

"మీ పేటలో చర్చి స్లాబ్ ఎవరు పోశారండీ?"

"మా ఆయనేనండీ."

"ఏ నీళ్ళతో?"

సువార్తమ్మ ఆయన చేతిలో ముక్క వంక చూసింది.

"హైస్కూల్లో కొత్త గదులో? పోనీ, నేను అద్దెకుంటున్న ఇల్లు? అది కూడా ఆ నీళ్ళేనండీ, నేను అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు నేను నీళ్ళ వల్ల కూలిందని రాశాననుకోండి. రేపొద్దున్న ప్రతి ఇల్లూ తట్టి చూడాలి. సగం ఊళ్ళు ఖాళీ చేయించాలి. ఎవరు చేయిస్తారండీ? ఎక్కడ పెడతారు వాళ్ళందర్నీ? అదే కర్రల వల్లని రాస్తే ఒక్క మనిషి తప్పుతో సరిపోద్ది. ఆ ఒక్క మనిషీ ఎలాగూ లేరు." చువ్వ ముక్కని సొరుగులో పెట్టుకుంటూ ఇంకో మాట కూడా అన్నాడు, అంతే మెత్తగా. "ఏమనుకోకండమ్మా. ఆ నీళ్ళు బ్రహ్మాండమని ఊరందరికీ నేర్పింది ఎవరండీ?"

టీ వచ్చింది. సువార్తమ్మ తాగింది. ఎందుకు తాగానా అని తర్వాత ఎన్నో రోజులు తనని తాను తిట్టుకుంది.

ఏడాది తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ఐదుగురు చచ్చిపోయారు కాబట్టి ఏదో ఒకటి రావాలి, వచ్చింది. మేస్త్రి సంతకం లేకుండా స్లాబ్ పోయడానికి లేదు. నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. "ఈ యాకోబుగాడు చచ్చి మన మెడకి కాగితం కట్టిపోయాడ్రా" అని మేస్త్రీలు తిట్టుకున్నారు. ఆ తిట్టులోంచే పేరు పుట్టి, నిలిచిపోయింది.

యాకోబు దగ్గర పని నేర్చుకున్న బుల్లిరాజు ఇప్పుడు ముఠాకి మేస్త్రి. ఒకరోజు సువార్తమ్మ ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఏమనుకోకు వదినా. నువ్వు పక్కనుంటే కూలోళ్ళు పైకెక్కడానికి జంకుతున్నారు. కొన్నాళ్ళు ఆగు."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు, బుల్లిరాజూ?"

"అదే... కొన్నాళ్ళు" అని వెళ్ళిపోయాడు.

సువార్తమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళింది. ఐసు, ఉప్పు, రొయ్య ముల్లు. రెండేళ్ళలో వేళ్ళు పగిలి, కూర కలుపుకుంటే మండేవి. ఇంటి కప్పు కింద పడుకుని ఒకటే అనుకునేది. ఒక్క స్లాబ్ పొయ్యాలి, తన చేతి మీదుగా, తన సంతకంతో. అది నిలబడాలి. అప్పుడు యాకోబు పేరు చెప్పి తిట్టేవాళ్ళ నోళ్ళు మూతబడతాయి.

ఇలా అనుకుంటుండగానే బంగార్రాజుగారు ఆమె ఇంటికొచ్చారు. రావడమే వింత. అంతకుముందు ముప్పయ్యేళ్ళు ఆయన నోట ఆమె పేరు "ఏమే సువార్తా". ఆ రోజు మాత్రం చెప్పులు బయట విడిచారు.

"బాగున్నారా సువార్తమ్మగారూ?"

ఆమె గాభరా పడి మంచం మీద దుప్పటి సర్దింది.

సంగతేమిటంటే, కూలిందంతా ఎత్తిపోసి అదే చోట ఆయన మళ్ళీ హాలు కడుతున్నారు. గోడలు లేచాయి, సెంట్రింగ్ కూడా బుల్లిరాజు కట్టేశాడు. కానీ సంతకం పెట్టనన్నాడు. ఐదుగురు పోయిన చోట సంతకం పెట్టడానికి తాడేపల్లిగూడెం నుంచి తెప్పించిన మేస్త్రి కూడా ఫొటో తియ్యబోతే లేచి బస్సెక్కేశాడు.

"మీరు పెట్టండమ్మా. ఆడాళ్ళు పెట్టకూడదని ఎక్కడా లేదంట, భాస్కరరావుగారిని కనుక్కున్నాను. పని మీకు తెలిసినంత ఎవరికి తెలుసండీ?"

"పెడతానండీ" అంది సువార్తమ్మ. "కానీ కాలవ నీళ్ళే పొయ్యాలి. బోరు నీళ్ళు చుక్క పడకూడదు."

"ఆయ్! అంతకంటేనా అండీ. ట్యాంకర్లు పెట్టిస్తాను" అన్నారు బంగార్రాజుగారు.

ఆమె వెళ్ళి ఒక్కో కర్రా ఊపి చూసింది. బుల్లిరాజుతో నలభై కర్రలు మార్పించింది. బుల్లిరాజు గొణుక్కుంటూనే మార్చాడు. అప్పుడు సంతకం పెట్టింది. సండే స్కూల్లో నేర్చుకున్న అక్షరాలు, ఒక్కోటి విడివిడిగా. పక్కన ఫొటో అంటించారు. ఫొటోలో కూడా మెడ కుడి పక్కకే ఉంది.

స్లాబ్ ముహూర్తం ఏప్రిల్లో పెట్టారు. సిద్ధాంతిగారు పంచాంగం చూశారు కానీ కాలవ చూడలేదు. అంతకు రెండు రోజుల ముందే పైనుంచి కాలవలకి నీళ్ళు కట్టేశారు. ఏటా వేసవిలో కట్టేస్తారని డెల్టాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. సువార్తమ్మకీ తెలుసు. ఉన్న నీళ్ళు ఒక్క రోజుకి సరిపోవా అనుకుంది. మేస్త్రి అయ్యాక ఆమె చేసిన మొదటి తప్పు అదే, అదొక్కటే చాలింది.

పొద్దున ఆరింటికి కొబ్బరికాయ కొట్టారు. పడమటి గోడ నుంచి మొదలుపెట్టారు. మొదటి ట్యాంకరు రాగానే సువార్తమ్మ దోసిలి పట్టింది. చప్పగా, కొంచెం నాచు వాసనతో, మంచి కాలవ నీళ్ళు. "పొయ్యండి!" అని అరిచింది. రెండో ట్యాంకరూ అంతే. కూలోళ్ళు వరసలో గమేళాలు అందించుకుంటున్నారు. వైబ్రేటరు గుర్రుమంటోంది. బుల్లిరాజు పైనుంచి, "ఏం వదినా, యాకోబన్న లేని లోటు తెలీనివ్వట్లేదుగా!" అని అరిచాడు. ఎన్నాళ్ళకో ఆమె మొహంలోకి నవ్వు వచ్చింది.

సువార్తమ్మ కింద, కర్రల మధ్యకి వెళ్ళి కాసేపు నిలబడింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పన్నెండున్నరకి, సగం హాలు అయ్యాక, మూడో ట్యాంకరు వచ్చింది. డ్రైవరు దిగకుండానే పైపు వదిలాడు. సువార్తమ్మ దోసిలి పట్టి నాలిక మీద వేసుకుంది.

ఉమ్మేసింది.

"ఆపండి! మిల్లరు ఆపండి!"

మిల్లరు ఆగింది. అంత చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి పైన ఉన్న ముప్పైమందీ కిందికి వంగి చూశారు. డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. "కాలవ దిగిపోయిందండీ. మోటారు గాలి లాగేస్తంది. రాజుగారే బోరు దగ్గర పట్టుకురమ్మన్నారు."

కాంక్రీటు బలం పరీక్షకి క్యూబులు, అంటే చిన్న దిమ్మలు, పోయించుకోడానికి వచ్చిన భాస్కరరావుగారు టెంటు కింద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. వెనకే బంగార్రాజుగారు.

"ఏమైందండీ, సువార్తమ్మగారూ?"

"మీరు మాటిచ్చారండీ."

"ఇచ్చానండీ. కాలవ ఎండితే నేనేం చెయ్యను? ఒక్క ట్యాంకరేనండీ."

"మంచినీళ్ళు తెప్పించండి. అప్పటిదాకా ఆపుతాను."

"ఎక్కడ్నించండీ? ఏలూరు పోయి రావాలి. మూడు గంటలు."

భాస్కరరావుగారు గొంతు సవరించుకున్నాడు. "మూడు గంటలు ఆపితే ఈ ఎండకి పోసింది పోసినట్టే బిగుసుకుపోద్దండీ. నట్టనడుమ అతుకు పడుద్ది. అతుకు దగ్గర విరిగితే రేపు ఎవరినడుగుతారు?" జేబులోంచి కాగితం మడత విప్పి చూపించాడు. "కర్రలు, ఎడం, రోజులు. నీళ్ళ గురించి ఇందులో ఏమీ లేదండీ. అతుకు పడితే మాత్రం అడుగుతారు. సంతకం మీదేగా అమ్మా."

ఆ కాగితంలో నీళ్ళ మాట ఎందుకు లేదో ఆయనకి తెలుసు, ఆమెకి తెలుసు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు కళ్ళు దించింది ఆయన కాదు.

పైనుంచి బుల్లిరాజు అరుస్తున్నాడు. "వదినా, బిగిసిపోతంది! ఏదోటి చెప్పు!"

మిల్లర్లో సగం కలిపిన ముద్ద ఆవిరి కక్కుతోంది. పడమటి పక్క కాలవ నీళ్ళ స్లాబ్ తడితడిగా, నున్నగా మెరుస్తోంది. అంత చక్కటి పని యాకోబు కూడా చెయ్యలేదు. ఆపితే అది పాడవుతుంది. ఆపకపోతే మిగతా సగం పాడవుతుంది, కాకపోతే ఇప్పుడు కాదు.

నోట్లో ఉప్పు ఇంకా పోలేదు. యాకోబు డొల్ల స్లాబ్‌ని తట్టి ఎందుకు నోరు మూసుకున్నాడో ఆమెకి అప్పుడు తెలిసింది.

"పొయ్యండి" అంది.

మిల్లరు మళ్ళీ తిరిగింది. సాయంత్రం ఆరింటికి తూర్పు గోడ దాకా అయిపోయింది. అందరికీ బిర్యానీ పెట్టారు. బంగార్రాజుగారు ఆకు ముందు నిలబడి, "తిను సువార్తా, ఏం తినట్లేదు" అన్నారు. గారూ లేదు, అండీ లేదు. పని అయిపోయింది కదా.

భాస్కరరావుగారు రెండు క్యూబులు పొద్దున, రెండు మూడో ట్యాంకరు తర్వాత పోయించుకున్నాడు. ఏడో రోజున మిషన్లో పెట్టి నొక్కితే, ఉప్పు నీళ్ళ క్యూబులే ఎక్కువ బరువు ఆపాయి. ఆయన స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. "కంగ్రాట్స్ అమ్మా. తూర్పు సగమే గట్టిగా వచ్చింది. అనవసరంగా భయపడ్డారు." వెక్కిరింపు కాదు. ఆయన చేతిలో ఉన్న కాగితం అలాగే చెప్పింది మరి.

హాలు అయిపోయాక కాపలా ఉండమని బంగార్రాజుగారు అడిగారు. రొయ్యల షెడ్డుకి వెళ్ళే చేతులు కావవి, ఒప్పుకుంది. తూర్పు చివర వంటసామాన్ల గదిలో ఆమె మంచం వేశారు. పడమటి పక్క గది ఇమ్మని అడిగింది. "అది పెళ్ళికూతురి గదే, తిక్కదానా" అని నవ్వారు. సరే, ఇక్కడే ఉంటే మొదటి మరక తనకే కనపడుతుంది అనుకుంది. రోజూ మెలకువ రాగానే వెల్లకిలా పడుకునే కప్పు చూస్తుంది. తర్వాతే ప్రార్థన.

బుల్లిరాజు ఇప్పుడు ఎక్కడికెళ్ళినా యాకోబు కాగితం మీద ధైర్యంగా సంతకం పెడుతున్నాడు. "మా వదిన పెట్టిందిగా, ఏమైంది?" అంటాడు. సువార్తమ్మ పోసిన స్లాబ్‌కి మంచి పేరు వచ్చింది. ఆమె కోరుకున్నదీ అదే. మేస్త్రీలు యాకోబుని తిట్టడం మానేశారు. మళ్ళీ ఉప్పు బోర్ల దగ్గర ట్యాంకర్లు వరస కట్టాయి.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఆమె గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళనందర్నీ పడమటి పక్కకి పంపిస్తుంది. ముఖ్యంగా పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళని. "అటెళ్ళండమ్మా, అటు గాలి బాగొస్తది."

"ఇటంతా ఖాళీగానే ఉందిగా పిన్నిగారూ?"

"ఇటు ఉక్కండీ. అటెళ్ళండి."

జనమంతా ఒక పక్కకే ఒరిగి, రెండో పక్క బోసిపోతోందని బంగార్రాజుగారు గమనించారు. ఫొటోల్లో బాగోవడం లేదు. మొన్న శ్రావణమాసంలో పెళ్ళి వేదిక తూర్పు పక్కకి మార్పించారు. ఇప్పుడు పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, అక్షింతలకని చుట్టాలూ, మెట్ల మీద ఆడుకునే పిల్లలూ, అందరూ ఇటే.

పెళ్ళైన మర్నాడు సువార్తమ్మ వేదిక మీద పూలు ఊడుస్తూ ఆగి, మెడ వీలైనంత ఎత్తి చూసింది. తెల్లటి కప్పు. మరకేం లేదు.

ఇంకా రెండో ఏడే.